రోమ్ ట్రాటోరియాలో పాస్తా: ఇది అక్కడ మామూలేనా, లేక మమ్మల్ని చూసి అలా చేశారా?

బెజవాడ_బుజ్జి
అమ్మానాన్నల్ని తీసుకుని రోమ్ వచ్చాం, నిన్న రాత్రి జరిగింది చెప్తా, మీరే చెప్పండి. ట్రాస్టెవెరె పేటలో చిన్న ట్రాటోరియా, అంటే ఇంటివంట తరహా హోటల్, టేబుళ్ల మీద కాగితం పరిచి ఉంది, మెనూ ఒక్క పేజీ, చూడ్డానికి భలే ఉంది కదా అని ఆరింటికి వెళ్తే తలుపేసుంది, ఏడున్నరకి తీస్తారంట. నాన్నకి షుగర్, ఎనిమిదిలోపు తినెయ్యాలి. సరే అని ఆ సందుల్లోనే తిరిగి తిరిగి మళ్ళీ వెళ్ళాం. మా పిల్లాడికి కార్బొనారా పాస్తాలో చికెన్ వేసివ్వమంటే కుదరదన్నాడు. మెనూలో చికెన్ ఉంది, కార్బొనారా ఉంది, రెండూ కలపడానికి ఏం నొప్పి? నాన్న వెజ్, చీజూ మిరియాలే కదా అని ఆయనకి కాచో ఎ పెపె పాస్తా చెప్పాం. ఉప్పు కషాయం. పాస్తా లోపల పలుకు పలుకుగా ఉంది, ఇంకాస్త ఉడికించి తెమ్మంటే "అల్ దెంతె" (పంటికి తగిలేలా ఉండాలంట) అని నవ్వి ప్లేటు అక్కడే పెట్టి పోయాడు. చివర్లో కపుచినో అడిగితే ఒక చూపు చూసి "ఎస్ప్రెసో?" అన్నాడు. బిల్లులో పానె అని మనిషికి 2 యూరోలు, మేం అడగని బ్రెడ్డుకి! నీళ్ళకి వేరే. పక్క టేబుల్ వాళ్ళతో మాత్రం ఒకటే నవ్వులు. ఇది మామూలేనా, మన మొహాలు చూసి అలా చేశారా?

డాలస్_బావ
ఉప్పు కషాయం అంటే నమ్ముతా. మేం వెళ్ళినప్పుడూ అంతే. ఇక్కడ మా ఊళ్ళో ఇటాలియన్ రెస్టారెంట్లో చికెన్ ఆల్ఫ్రెడో పాస్తా అడిగితే బ్రెడ్డు బుట్టలు ఫ్రీ, ఎన్నిసార్లయినా తెస్తారు. అసలు ఇటలీ వాళ్ళకే ఇటాలియన్ వండడం రాదు.

మిలాన్_మాధవి
బావగారూ ఆ చివరి లైను రోమ్ వీధిలో నిలబడి గట్టిగా అనండి చూద్దాం 😄

గిన్నెల_గంగాధర్
నేను ఈడ్నే ట్రాటోరియా వంటింట్ల పని చేస్త అక్కా, మీరు పోయిన దాంట్ల కాదులే. పొద్దున చదువు, సాయంత్రం పని. ముందు గిన్నెలు కడిగిన, ఇప్పుడు పాస్తా కుండ కాడ నిలవెట్టిండ్రు. ఒక్కొక్కటి చెప్త.

టైము: పగటి సర్వీసు మూడింటి వరకు అయిపోతది. మల్ల ఏడు, ఏడున్నరకే తెరుస్తరు. నడుమల మేం తినాలె, కడగాలె, రాత్రికి సాస్ పెట్టాలె. సాయంత్రం ఐదింటికి కూడా పాస్తా పెడుతున్నరు అంటే అది టూరిస్టుల కోసమే పెట్టిన హోటల్ అనుకోవాలె.

పానె: లాజియో ప్రాంతంల, అంటే రోమ్ ఉన్న కాడ, కొపెర్తో (టేబుల్ చార్జి) పేరుతోని మనిషికింత అని తీసుకోవద్దని 2006ల చట్టం చేసిండ్రు. కానీ బ్రెడ్డుకు పైసలు తీసుకోవచ్చు. గందుకే బిల్లుల కొపెర్తో పోయి పానె వచ్చింది. వద్దనుకుంటే బుట్ట టేబుల్ మీదికి రాంగనే వాపస్ ఇయ్యాలె, ఒక్క ముక్క తుంచినంక ఇగ ఏం చేయలేం. మిలాన్‌ల, ఫ్లోరెన్స్‌ల అయితే కొపెర్తో ఖుల్లా తీసుకుంటరు, మెనూ కింద చిన్నక్షరాలల్ల రాసి ఉంటది చూడు.

నీళ్ళు: సీసా నీళ్ళే తెస్తరు. నల్లా నీళ్ళు అడిగితే కొందరు ఇస్తరు, కొందరు మొహం మాడ్చుకుంటరు. రోమ్‌ల వీధుల్ల నాజోని అని ఇనుప నల్లాలు రెండున్నర వేల దాకా ఉన్నయి, మంచి నీళ్ళు, పొద్దుమాపు కారుతనే ఉంటయి. సీసాలు ఆడ నింపుకోండ్రి.

మొహాలు చూసి చేసిండ్రా అంటే, నేను ఆడ లేను కాబట్టి చెప్పలేను. కానీ కార్బొనారాల చికెన్ మాత్రం ఇటలోళ్ళు అడిగినా ఎయ్యరు.

బెజవాడ_బుజ్జి
థాంక్స్ గంగాధర్. పానె సంగతి ఇప్పుడర్థమైంది. కానీ ముందే చెప్పొచ్చు కదా, బుట్ట తెచ్చి పెట్టి "ఇది డబ్బులకి" అని ఒక్క మాట? మెనూలో ఉందేమో గానీ ఇటాలియన్‌లో ఉంది. ఇంకోటి, చికెన్ ఎందుకు వెయ్యరో ఇంకా చెప్పలేదు నువ్వు.

పులిహోర_పంతులు
మన పెళ్ళిలో వంటాయన్ని పిలిచి పులిహోరలో చికెన్ ముక్కలు వెయ్యమని అడిగితే ఏమంటాడు? అదే.

నెల్లూరు_నాగ
పంతులు గారూ మా ఆఫీసు సందులో చికెన్ పులిహోర అమ్ముతున్నారు. లైను కూడా ఉంటుంది.

పులిహోర_పంతులు
కలికాలం.

మిలాన్_మాధవి
బుజ్జీ, అసలు విషయం ఏంటంటే ఇక్కడ భోజనం వరసలో నడుస్తుంది. ఆంతిపాస్తో అంటే ముందు తినే చిరుతిళ్ళు, తర్వాత ప్రీమో అంటే పాస్తా, సూపు, రిసొత్తో, తర్వాత సెకొందో అంటే మాంసం లేదా చేప, దాని పక్కన కొంతోర్నో అంటే కూర, చివర దోల్చె అంటే తీపి. చికెన్ సెకొందోలో ఉంటుంది, పాస్తా ప్రీమోలో ఉంటుంది, రెండూ ఒక ప్లేట్లో కలవవు. అన్నీ తినాలని రూలేం లేదు, ఇక్కడి వాళ్ళే చాలామంది ఒక ప్రీమో, ఒక కొంతోర్నో తిని లేచిపోతారు. పిల్లలకి మాత్రం బాగానే సర్దుతారు, మెత్సా పోర్సియోనె అంటే సగం ప్లేటు, పాస్తా ఇన్ బియాంకా అంటే వెన్న, పార్మిజానో చీజు వేసి తెల్లగా ఇస్తారు. మెనూలో లేకపోయినా ఇస్తారు. మా పిల్ల ఇటలీలో సగం దాని మీదే పెరిగింది.

కపుచినో పొద్దున్నే, పదకొండు లోపు. భోజనం మీద పాలు తాగితే అరగదని వీళ్ళ నమ్మకం. అడిగితే ఇస్తారు, ఆ చూపు మాత్రం ఫ్రీ.

పాత_పేపర్ల_పిచ్చి
సంప్రదాయం సంప్రదాయం అని కార్బొనారా మీద ఇంత పట్టుదల చూస్తే నవ్వొస్తుంది నాకు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు రోమ్ వంటల పుస్తకాల్లో ఈ పేరే కనపడదు. 1944లో అమెరికా సైన్యం రోమ్‌లోకి వచ్చింది, వాళ్ళ రేషన్ బేకను, గుడ్ల పొడితో ఇది పుట్టిందని ఒక వాదన, కాదు బొగ్గులు కాల్చేవాళ్ళ వంటని ఇంకో వాదన. అచ్చులో దొరికిన మొదటి రెసిపీల్లో ఒకటి 1952లో చికాగోలో వచ్చింది, రోమ్‌లో కాదు! ఇటలీలో 1954లో ఒక వంటల పత్రిక వేసిన దాంట్లో పాన్‌చెత్తా, అంటే ఉప్పు పట్టించిన పంది పొట్ట మాంసం, వెల్లుల్లి, గ్రూయెర్ చీజు ఉన్నాయి. ఇప్పుడు వాడే గ్వాంచాలే లేదు, పెకొరీనో చీజు లేదు. ఇవాళ ఎవరైనా అలా వండితే వీళ్ళే ఇంటర్నెట్లో ఉతికి ఆరేస్తారు. కాబట్టి 70 ఏళ్ళ వంటకానికి వెయ్యేళ్ళ శాస్త్రం ఆపాదించకండి.

గిన్నెల_గంగాధర్
@పాత_పేపర్ల_పిచ్చి అన్నా నువ్వు చెప్పింది నిజమే గావచ్చు కానీ మా షెఫ్ ముంగట అనకు, చేతిల కత్తి ఉంటది. ఇప్పుడైతే కార్బొనారా అంటే గ్వాంచాలే అంటే పంది చెంప మాంసం, గుడ్ల పచ్చసొన, పెకొరీనో రొమానో, మిరియాలు, గంతే. క్రీమ్ అస్సలు ఉండదు. గ్వాంచాలేను నూనె లేకుంట సన్న మంట మీద వేపితే అదే కొవ్వు ఇడుస్తది, ఆ కొవ్వులనే పాస్తా తిప్పుతం. గుడ్డు కలిపేటప్పుడు మంట బంద్ చెయ్యాలె, లేకుంటే ఆమ్లెట్ అయితది. కొత్తల నేను చేసిన ఆమ్లెట్లు మేమే తిన్నం, పారెయ్యనియ్యరు.

రోమ్‌ల పాస్తాలు నాలుగు అంటరు. లెక్క అల్కగనే ఉంటది: పెకొరీనో మిరియాలు అయితే కాచో ఎ పెపె. దాంట్ల గ్వాంచాలే వేస్తే గ్రిచా. గ్రిచాల టమాట వేస్తే ఆమత్రిచానా. గ్రిచాల గుడ్డు వేస్తే కార్బొనారా. ఇగ మీకు ఏది వద్దో చూసుకొని చెప్పుకోవచ్చు.

నాంపల్లి_నవాబ్
అంటే నాలుగిట్ల మూడు పోర్క్. నాకు మిగిలింది కాచో ఎ పెపె ఒక్కటి 😐

తెనాలి_వెజ్
మీకు ఒకటైనా మిగిలింది నవాబ్ గారూ, నాకు అదీ లేదు. బుజ్జి గారు నాన్నగారు వెజ్ అన్నారు కాబట్టి చెప్తున్నా, బాధపడకండి: పెకొరీనో రొమానోని గొర్రెపాలతో చేస్తారు, పాలు విరగడానికి గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు. పార్మిజానోలో దూడది. మన దగ్గర అమ్మే అమూల్ లాంటి చీజుల్లో సూక్ష్మజీవుల రెన్నెట్ కాబట్టి ఇంట్లో ఎప్పుడూ ఈ ప్రశ్న రాదు. ఇక్కడ వెయిటర్ని "వెజిటేరియనా" అంటే సీ సీ అంటాడు, వాళ్ళ లెక్కలో చీజు వెజ్జే, అబద్ధం చెప్పట్లేదు పాపం.

నేను ఇటలీలో ఉద్యోగం మీద తిరిగి తిరిగి ఒక పద్ధతి పెట్టుకున్నా. ఎండు పాస్తా అడుగుతా, స్పగెట్టీ, పెన్నె, రిగతోని. ఇక్కడ 1967 నుంచీ చట్టం ప్రకారం ఎండు పాస్తాని దురుమ్ అనే గట్టి గోధుమ రవ్వ, నీళ్ళతోనే చెయ్యాలి, గుడ్డు వేస్తే ప్యాకెట్ మీద వేరేగా రాయాలి. తాజా పాస్తా అంటే ఫెతుచీనె, తొన్నరెల్లి లాంటివైతే చాలాసార్లు గుడ్డుంటుంది, అడగాల్సిందే. తర్వాత అర్రాబ్బియాతా: టమాట, వెల్లుల్లి, ఎండుమిర్చి, ఆలివ్ నూనె. "సెన్సా ఫొర్మాజ్జో" అంటే పైన చీజు చల్లకుండా ఇస్తారు. ఆల్యో ఓల్యో ఎ పెపెరొన్చీనో: వెల్లుల్లి, నూనె, మిర్చి, మన పోపే. పొమొదోరో ఎ బసీలికో: టమాట, తులసి జాతి ఆకు. సిసిలీ పద్ధతి ట్రాటోరియా దొరికితే నోర్మా, వంకాయ వేపుడుతో, పైన రికొత్తా చీజు వద్దనండి. కొంతోర్నోలో చికోరియా రిపస్సాతా తప్పక చెప్పండి, చేదు ఆకుకూరని వెల్లుల్లి, మిర్చి వేసి వేపుతారు, నాన్నగారు దాంతోనే బ్రెడ్డు మొత్తం తినేస్తారు.

చూడ్డానికి వెజ్జులా ఉండి దెబ్బకొట్టేవి: పుంతరెల్లె సలాడ్, ఆకులే కదా అనుకుంటే డ్రెస్సింగులో ఆంచొవీ చేప. గుమ్మడి జాతి పువ్వుల బజ్జీ, ఫియోరి ది జుక్కా, లోపల మొజరెల్లాతో పాటు ఆంచొవీ. పాస్తా ఎ చేచి అంటే శనగలతో చేసేది, రోమ్‌లో దాంట్లో కూడా ఆంచొవీ పడుతుంది చాలాచోట్ల. సుప్లీ అని అన్నం ఉండలు, వాటి లోపల మాంసం సాసు. "చె కార్నె? చి సొనొ అలీచి?" ఈ రెండు ప్రశ్నలు బట్టీ పట్టేయండి, మాంసం ఉందా, చేపలున్నాయా అని.

బెజవాడ_బుజ్జి
అయ్యో. నాన్నకి ఇది చూపించట్లేదు. అమ్మకి చూపించా, "ఆయనకి చెప్పకు, తినేశారుగా" అంది.

నాంపల్లి_నవాబ్
తెనాలి భాయ్ మొత్తం పీహెచ్‌డీ చేసిండు. నాకు కూడా పనికొచ్చే లిస్టే. వోంగొలె కూడా బాగుంటది, చిన్న ఆల్చిప్పలతోని స్పగెట్టీ, కానీ దాంట్ల వైట్ వైన్ పోస్తరు, "సెన్సా వీనో" అని వండకముందే చెప్పాలె. చేపల పాస్తా మీద చీజు అడిగితే కపుచినో చూపుకంటే పెద్ద చూపు చూస్తరు, అది కూడా గుర్తుపెట్టుకోండి.

డాలస్_బావ
చూశారా, ఇన్ని ప్రశ్నలు, ఇన్ని చూపులు. భోజనానికి వెళ్తున్నామా వైవాకి వెళ్తున్నామా? డబ్బులిచ్చేది మనం. నాకు కావలసినట్టు వండివ్వాలి. చికెన్ ఆల్ఫ్రెడో జిందాబాద్.

మిలాన్_మాధవి
ఆల్ఫ్రెడో పుట్టింది రోమ్‌లోనే బావగారూ. ఆల్ఫ్రెడో ది లేలియో అని రోమ్ హోటలాయన ఫెతుచీనెలో వెన్న, పార్మిజానో దండిగా కలిపి చేసేవాడు. 1920ల్లో హాలీవుడ్ నటులు మేరీ పిక్‌ఫర్డ్, డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ తిని మురిసిపోయారు, అక్కణ్ణుంచి అమెరికాకి పాకింది. క్రీమూ, చికెనూ మీ దగ్గర చేరాయి. ఇక్కడ మామూలు ట్రాటోరియా మెనూలో ఆ పేరు కనపడితే అది ఎవరి కోసం పెట్టారో అర్థం చేసుకోవచ్చు.

డాలస్_బావ
మేం బాగుచేశాం అంటారు దాన్ని.

బొలోన్యా_బడుద్ధాయి
అక్కడ ఆల్ఫ్రెడో, ఇక్కడ మా ఊరి పేరు మీద స్పగెట్టీ బొలొనేజ్ అని మాంసం సాసు పాస్తా. బొలోన్యాలో ఆ కాంబినేషన్ అడిగి నేను మొదటి సంవత్సరం క్లాసులో పరువు పోగొట్టుకున్నా. ఇక్కడ రగూ, అంటే ఆ మాంసం సాసు, ఎప్పుడూ తల్యతెల్లెతోనే, గుడ్డు వేసి చేసిన వెడల్పు పాస్తా, సాసు దానికి పట్టుకుంటుంది, స్పగెట్టీకి అంటకుండా జారి గిన్నె అడుక్కి పోతుంది. 1982లో రగూ రెసిపీని ఇక్కడి ఛాంబర్ ఆఫ్ కామర్స్‌లో రిజిస్టర్ కూడా చేశారు. మనవాళ్ళకి ముఖ్యమైన మాట: రగూలో బీఫ్ ఉంటుంది, పాన్‌చెత్తా కూడా. బీఫ్ తినని వాళ్ళు "మీట్ సాస్" అని చూసి చికెనో మటనో అనుకోవద్దు. మా రూమ్మేట్ అన్నయ్య నెల రోజులు తిన్నాక తెలిసింది, ఆ రోజు గది నిశ్శబ్దం.

గిన్నెల_గంగాధర్
@డాలస్_బావ బావా మీరు చెప్పినట్టు వండే హోటళ్ళు ఉంటయి రోమ్‌ల కూడా, బయట ఫొటోల మెనూ, తలుపు కాడ ఒకడు నిలబడి నమస్తే నమస్తే అని పిలుస్తడు. ట్రాటోరియాల కథ వేరే. కుండ ఒకటి, మంటలు నాలుగు, షెఫ్ ఒకడు, నేను, బంగ్లాదేశ్ అన్న ఒకడు. అన్న నాకంటే మంచిగ చేస్తడు కార్బొనారా. మెనూల ప్రీమోలు ఏడో ఎనిమిదో ఉంటయి, ఒక్కొక్క దానికి పెనం తయారుగుంటది. చికెన్ అక్కడ కాచియాతోరా సాసుల ఉడుకుతుంటది, దాన్ని తీసి కడిగి కార్బొనారాల ఎయ్యమంటవా?

మెనూల పేరు పక్కన చుక్క (*) గుర్తు ఉంటే అది ఫ్రీజర్ మాలు అన్నట్టు, ఎక్కువగ చేపలకు ఉంటది. గది కూడా చూసుకోండ్రి.

అల్ దెంతె సంగతి: ప్యాకెట్ మీద రాసిన టైముకంటే రెండు నిమిషాలు ముందే తీసి పెనంల పాస్తా నీళ్ళు పోసి తిప్పుతం, సాస్ లోపటికి గుంజుకుంటది. ఇంక ఉడికిస్తే ముద్దయితది. పెద్దోళ్ళకు పళ్ళు ఇబ్బంది ఉంటే ముందే "బెన్ కొత్తా" అని చెప్పండ్రి, చేసిస్తం. వడ్డించినంక వాపస్ పంపితే మల్ల మొదటి నుంచి చెయ్యాలె, గందుకే ఆయన నవ్వి పెట్టేసి పోయిండు. నవ్వాల్సిన పనిలేకుండె అది వేరే.

కెమిస్ట్రీ_మేడమ్
ఉప్పు గురించి ఎవరూ చెప్పలేదు. పెకొరీనో రొమానో తయారీలోనే బాగా ఉప్పు పట్టిస్తారు, నెలల తరబడి మాగబెడతారు. పేరు రోమ్‌ది గానీ ఇవాళ ఎక్కువ భాగం సార్డీనియా దీవిలో తయారవుతుంది. కాచో ఎ పెపెలో సాసంతా ఆ చీజే, ఉప్పు తగ్గించే మార్గం లేదు. సున్నితంగా ఉండేవాళ్ళు, బీపీ ఉన్నవాళ్ళు అది ఆర్డర్ చెయ్యకపోవడమే మంచిది, షెఫ్ తప్పేం కాదు.

ఇంట్లో చేసేవాళ్ళ కోసం ఇంకోటి. నేను ఇంట్లో చేసిన ప్రతిసారీ సాసు గడ్డలు కట్టి రబ్బరు తాళ్ళు వచ్చేవి. ఎందుకంటే చీజులోని ప్రొటీన్లు వేడికి ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దవుతాయి, 65 డిగ్రీలు దాటితే ఇంక చేతికి దొరకదు. దీన్ని ఇటలీ భౌతిక శాస్త్రవేత్తలు కూర్చుని లెక్కకట్టి 2025లో పేపర్ వేశారు, అదే ఏడాది ఇగ్ నోబెల్ కూడా వచ్చింది, నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకి ఇస్తారే అది. వాళ్ళు తేల్చింది: చీజు బరువులో 2 నుంచి 3 శాతం పిండిపదార్థం ఉంటే గడ్డకట్టదు. పాస్తా ఉడికిన నీళ్ళలో పిండి ఎంతుందో మనకి తెలీదు, అందుకే ఒకసారి కుదురుతుంది ఒకసారి చెడుతుంది. కార్న్‌ఫ్లోర్ కొద్ది నీళ్ళలో వేసి చిక్కబడేదాకా కాచి, చల్లార్చి, దాంట్లో చీజు వేసి మిక్సీ పట్టాలి. 200 గ్రాముల చీజుకి 5 గ్రాముల కార్న్‌ఫ్లోర్. పాస్తా మంట మీదనుంచి దించి, ఒక నిమిషం ఆగి కలపాలి. మిరియాలు పెనంలో పొడిగా వేడిచేసి అప్పటికప్పుడు దంచినవి. తేడా మీరే చూస్తారు.

నెల్లూరు_నాగ
మేడమ్ 200 గ్రాముల పెకొరీనో హైదరాబాద్‌లో కొంటే ఆ నెల ఇంక చేపల పులుసు లేదు.

కెమిస్ట్రీ_మేడమ్
సగం పార్మేజాన్ కలపండి, రోమ్ వాళ్ళు చూడట్లేదుగా.

పులిహోర_పంతులు
కార్న్‌ఫ్లోర్! చికెన్‌కి గొడవపడ్డారు, దీనికి ఎవ్వరూ మాట్లాడరేం?

గిన్నెల_గంగాధర్
మా షెఫ్‌కు చెప్పిన ఈ సంగతి. "వాళ్ళకు చేతకాక లెక్కలు వేసుకున్నరు" అన్నడు. కానీ తెల్లారి మా బంగ్లాదేశ్ అన్న తాను తినేదాంట్ల ట్రై చేసిండు. మంచిగనే వచ్చింది.

పాత_పేపర్ల_పిచ్చి
పోనీ ఆమత్రిచానా గురించి ఒక మాట, అది మాత్రం పాతదే. ఆమత్రిచె అనే కొండ ఊరిది. 2016 ఆగస్టు 24 తెల్లవారుజామున భూకంపంలో ఆ ఊరు దాదాపు నేలమట్టమైంది, ఆ చుట్టుపక్కలంతా కలిపి 300 మంది దాకా పోయారు. ఆ వారాంతంలోనే వాళ్ళ 50వ ఆమత్రిచానా పండగ జరగాల్సి ఉంది. తర్వాత రెస్టారెంట్లు అమ్మిన ప్రతి ప్లేటుకి 2 యూరోలు, తిన్నవాళ్ళు ఒకటి, హోటల్ ఒకటి, సాయానికి పంపారు. 2020లో ఐరోపా యూనియన్ దానికి సంప్రదాయ వంటకం గుర్తింపు ఇచ్చింది. ఆ ఊళ్ళో స్పగెట్టీతో చేస్తారు, రోమ్‌లో బుకతీనితో, అంటే నడుమ బెజ్జం ఉండే లావు పాస్తా. బుకతీని తినేటప్పుడు తెల్ల చొక్కా వేసుకోకండి.

సికింద్రాబాద్_సిరి
ఇంకో ముచ్చట, 2025 డిసెంబర్‌లో ఇటలీ వంటని యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు కదా, ఆ మీటింగు జరిగింది ఢిల్లీ ఎర్రకోటలో. అదే మీటింగులో మన దీపావళి కూడా చేరింది. కాబట్టి మీరు తగువులాడుకోకండి, ఇద్దరం ఒకే బ్యాచ్.

డాలస్_బావ
అందుకే ఉప్పు ఎక్కువైందా?

సికింద్రాబాద్_సిరి
బావ గారు దేనికీ లొంగరు 😂

బెజవాడ_బుజ్జి
ఇవాళ గురువారం కదా, ఇక్కడ గురువారం న్యోక్కి (ఆలుగడ్డ ఉండలు) రోజంట, హోటల్ రిసెప్షన్ అమ్మాయి చెప్పింది. టెస్టాచో వెళ్ళాం మధ్యాహ్నం. పాత కబేళా ఉన్న పేట అని తెలిసి అమ్మ వద్దంది, ఇప్పుడక్కడ కబేళా లేదు 1975లోనే మూసేశారు అని ఒప్పించా. మెనూలో పేగులు, తోక, బోటీ లాంటివి చాలా ఉన్నాయి, మా ఆయన పజాతా రిగతోని తిన్నారు, పాలు తాగే దూడ పేగులంట, నేను వేరే వైపు చూశా. నాన్నకి తెనాలి గారి లిస్టు ప్రకారం పెన్నె అర్రాబ్బియాతా బెన్ కొత్తా, చీజు లేకుండా, చికోరియా. "కారం ఏది?" అన్నారు మొదట, మిర్చి నూనె తెచ్చిచ్చారు, తర్వాత మాట్లాడలేదు. బ్రెడ్డుతో ప్లేటంతా తుడుచుకుని తిన్నారు, నేను ఆపబోతే వెయిటరమ్మ "బ్రావో" అని చప్పట్లు కొట్టింది. మా వాడికి సగం ప్లేటు న్యోక్కి టమాట సాసుతో. బిల్లులో పానె 1.50. మొన్నటి ఆయన నవ్వు మాత్రం నేను మర్చిపోను, చెప్తున్నా. తెలియనివాళ్ళకి ఒక మాట చెప్తే పోయేదేముంది?

మిలాన్_మాధవి
అది నిజమే బుజ్జీ. ఏ ఊళ్ళో అయినా కసురుకునేవాళ్ళు ఉంటారు, ఇక్కడ కాస్త ఎక్కువే. ప్లేటు తుడవడాన్ని స్కార్పెట్టా అంటారు, పెద్ద హోటల్లో కాస్త మొహమాటం గానీ ట్రాటోరియాలో వంటాయనకి అదే మెప్పు.

తెనాలి_వెజ్
న్యోక్కిలో గుడ్డు ఉందో లేదో అడిగారా? కొందరు ఆలుగడ్డ, పిండితోనే చేస్తారు, కొందరు గుడ్డు కలుపుతారు.

బెజవాడ_బుజ్జి
మా వాడు అన్నీ తింటాడండీ, ఊపిరి పీల్చుకోండి.

వైజాగ్_వాసు
మేం ఆగస్టు రెండో వారంలో వస్తున్నాం, నలుగురం. టెస్టాచోలో ఎలాంటిది చూసుకోవాలి? బుకింగ్ కావాలా, నేరుగా వెళ్తే కూర్చోబెడతారా? టిప్పు ఎంత ఇవ్వాలి?

గిన్నెల_గంగాధర్
టిప్పు తప్పనిసరి కాదు అన్నా, చిల్లర వదిలేస్తే చాలు, కొన్నిట్ల బిల్లులనే సర్వీసియో కలిపి ఉంటది చూస్కో. రాత్రికైతే బుక్ చెయ్యి, ఎనిమిదిన్నరకు ఇటలోళ్ళు వస్తరు, ఏడున్నరకు నువ్వు పోతే ఖాళీ ఉంటది. కానీ ఆగస్టు రెండో వారం అంటున్నవ్ కదా, 15న ఫెర్రాగోస్తో పండగ, దానికి ముందూ ఎనుక సొంతంగ నడుపుకునే ట్రాటోరియాలు శానా వరకు మూసి ఊర్లకు, సముద్రం కాడికి పోతరు. తలుపుకు "కియూసో పెర్ ఫేరియె", అంటే సెలవులకు బంద్, అని కాగితం అంటించి ఉంటది. మాది కూడా బందే, నేను రెండు వారాలు నిద్రపోత. నువ్వు వచ్చే ముందే ఫోన్ చేసి తెరిచి ఉన్నదా అని అడుగు, మెయిల్ పెడితే చూడరు.

వైజాగ్_వాసు
టికెట్లు కొనేశాం అన్నా.

డాలస్_బావ
ఫొటోల మెనూ హోటళ్ళు తెరిచే ఉంటాయి తమ్ముడూ, చికెన్ కూడా వేసిస్తారు.